కానివ్వండి అన్న మాట

మా తమ్ముడి కుక్క మా ఇంటికి వచ్చిన రోజు సాయంత్రమే గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే గోనెపట్టా తడిసింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. కొత్త చోటు, బెదిరి ఉంటుందిలే అనుకుని పట్టా తీసుకెళ్ళి పంపు దగ్గర జాడించి గోడమీద ఆరేశాను. మర్నాడు మధ్యాహ్నం ఇంకో పట్టా తడిసింది. మూడో రోజు మా ఆడపడుచు భోజనానికి వచ్చింది. ఆవిడ మొదటి ముద్ద కలుపుకుంటూండగా, అందరం చూస్తుండగానే అది లేచి వచ్చి, పట్టా మధ్యలో కూర్చుని తన పని చేసుకుంది. పైగా దొంగచాటుగా కాదు, నా మొహంలోకి చూస్తూ. మా ఆడపడుచు కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

ఆడకుక్క. ఆరేళ్ళుంటాయి. బెల్లం రంగు, చెవి కొన కత్తిరించి ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పటి గుర్తు. ఒళ్ళంతా సున్నం వాసన, రొయ్యల మేత వాసన. ఎన్నిసార్లు స్నానం చేయించినా వర్షం వచ్చిన రోజున ఆ వాసన మళ్ళీ పైకి లేచేది. దానికి పేరు లేదు. మా తమ్ముడు దాన్ని 'దొరసానిగారు' అనేవాడు.

మా తమ్ముడు ఐ.పోలవరం అవతల రొయ్యల చెరువులకి కాపలా ఉండేవాడు. అమ్మ పోయేటప్పటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పన్నెండు. వాడికి జడలు అల్లి, ఆడపిల్లవేషం వేసి ఊరంతా తిప్పింది నేను. బడికి పంపింది నేను, బడి మానేస్తానంటే వీపు మీద చరిచింది నేను. చరిచినా మానేశాడు. మా ఆయన గల్ఫ్‌లో ఉండగా వీసా పంపించి తీసుకెళితే, ఎనిమిది నెలలకి తిరిగొచ్చేశాడు. "అక్కడ అందరూ పనిలోనే ఉంటారే అక్కా, ఎవడూ మాటాడడు" అన్నాడు. వాడికి మాటలు కావాలి. అలాంటివాడు చివరికి మనిషన్నవాడు కనిపించని చెరువుగట్టు మీద, ఒక రేకుల షెడ్డులో, తొమ్మిదేళ్ళు ఉన్నాడు. పెళ్ళాం ఆ గట్టుమీద బతకలేక పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ పిల్లని నేను తప్పుపట్టను.

వాడిని అందరూ 'ఒరేయ్' అనేవారు. చెరువు ఆసామీ, ఆసామీ కొడుకు, మేత లారీ డ్రైవరు, ఆఖరికి నేనూ. యాభై ఏళ్ళు దగ్గరికొచ్చినా వాడు ఒరేయ్ గానే ఉన్నాడు. వాడు మాత్రం కుక్కని అండీ అనేవాడు. ఒకసారి నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, "దొరసానిగారూ, మా అక్కండి, నమస్కారం పెట్టండి" అని దానికి నన్ను పరిచయం చేశాడు. నాకు నవ్వొచ్చింది. కుక్కకి అండీ ఏవిట్రా అంటే, "ఇక్కడ నాకు మర్యాద చెయ్యడానికి ఎలాగూ ఎవరూ లేరు కదే, నేనైనా ఎవరికో ఒకరికి చెయ్యాలి కదా" అన్నాడు. ఆ మాట వాడు నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వేసి, తెచ్చిన పనసాకు పొట్టిక్కలు గిన్నెలోకి తీసి పెట్టాను.

కామెర్లు ముదిరి అమలాపురం ఆస్పత్రిలో పడ్డప్పుడు, కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. ఎవరిదో పసరు వైద్యం నమ్ముకుని నెల పోగొట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "దాన్ని గట్టుమీద వదిలెయ్యకే అక్కా. కొత్తగా వచ్చినోళ్ళ కుక్కలు దాన్ని బతకనివ్వవు. నీ దగ్గరుంచుకో" అన్నాడు. ఉంచుకుంటాన్లేరా, నువ్వు ముందు లే అన్నాను. "అన్నీ నేర్పేనే దానికి. నీ ఇల్లు పాడు చెయ్యదు. చెప్పందే ఏదీ చెయ్యదు" అన్నాడు. మూడో రోజున పోయాడు.

అందుకే ఆ తడిసిన పట్టాలు చూసినప్పుడల్లా నాకు చచ్చినవాడి మీద కోపం వచ్చేది. అన్నీ నేర్పాడట. కోతలు కోయడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య.

మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో ఒక ఆస్పత్రిలో నేలలు తుడిచారు. ఆ సంగతి కొత్తపేటలో ఎవరికీ చెప్పలేదు, హాస్పిటల్లో ఉద్యోగం అని మాత్రం చెప్పేవాళ్ళం. మోకాళ్ళు అరిగిపోయి కిందటేడు పూర్తిగా వచ్చేశారు. వస్తూనే ఇంట్లో పాత గచ్చు పీకించి తెల్లటి పలకలు పరిపించారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆ నేలని చూస్తూ కూర్చుంటారు. అక్కడినుంచి తెచ్చిన మెత్తటి పట్టాలు బీరువాలో ఉన్నాయి, మన బురద కాళ్ళకి అవి ఆగవని నేనే గోనెపట్టాలు వేస్తాను. ఆడపడుచు చెయ్యి కడుక్కుని లేచిన రోజు ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇరవయ్యేళ్ళు ఊళ్ళోవాళ్ళ నేలంతా తుడిచేనే. ఇదొక్కటే నాది. దీన్ని కుక్క కోసం తుడవలేను" అన్నారు. "మీ తమ్ముడు పోయేడని నాకూ బాధగానే ఉంది. వచ్చే అమావాస్య దాకా చూస్తాను. అప్పటికీ నేర్చుకోకపోతే గట్టుమీదకి పంపించెయ్యాలి."

పెరట్లో కట్టెయ్యొచ్చు కదా అని మీరనుకోవచ్చు. కట్టాం. మెడ పట్టీ తెంపుకోవాలని గింజుకుంది, తెంచుకోలేక అన్నం మానేసింది. మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. ఆరేళ్ళూ వాడి మంచం పక్కన పడుకున్న కుక్క అది. లోపలికి తీసుకొస్తే గదిలో ఒక మూల చుట్టుకు పడుకునేది. ఒక వస్తువు కొరకదు, ఒక గిన్నెలో మూతి పెట్టదు. ఆ ఒక్క తప్పు తప్ప దానికి ఇంకో తప్పు లేదు.

నేర్పడం మొదలుపెట్టాను. ఫోనులో ఎవరో చెప్పినట్టు, తెల్లారుతూనే బయటికి, తిన్నాక బయటికి, పడుకుని లేచాక బయటికి. కాలవగట్టు మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పేదాన్ని. కొబ్బరిచెట్ల కింద నిలబెట్టేదాన్ని. ఊరి కుక్కలన్నీ ప్రతి చెట్టుకీ మర్యాద చేసుకుంటూ పోతుంటే, ఇది మాత్రం కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడేది. "ఊఁ, పొయ్యి" అనేదాన్ని. చూసేది. "ఇక్కడే తల్లీ, ఇక్కడే" అనేదాన్ని. చూసేది. గంట తిరిగి, నా కాళ్ళు పీక్కుపోయి ఇంటికి వస్తే, కాళ్ళు కడుక్కుని నేను ఆయనకి వడ్డించేలోపల గుమ్మంలో పట్టా తడి. అదీ ఆయన కంచం ముందు కూర్చున్నప్పుడే. ఎవరైనా కాఫీ తాగుతున్నప్పుడే. నలుగురు చుట్టాలు వస్తే చెప్పనే అక్కర్లేదు.

నాకు ఓపిక తక్కువ. ఒకరోజు మెడ పట్టుకుని దాని మూతి ఆ తడిలో రాశాను. ఎవరో చెప్పారు, అలా చేస్తే బుద్ధొస్తుందని. ఇంకో రోజు ఈనెల చీపురు తీసుకుని కొట్టాను. రెండు దెబ్బలు కొట్టి మూడోది ఎత్తేసరికి, అది పారిపోకుండా మళ్ళీ ఆ పట్టా మీదకే వెళ్ళి కూర్చుంది. ఒళ్ళంతా వణుకుతోంది. బలవంతాన ఇంకో నాలుగు చుక్కలు పోసి, నా మొహం చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత పొగరు దీనికి, కొడుతుంటే కూడా ఎదురుగా నిలబడి అదే పని చేస్తోంది అనుకున్నాను. మూడో దెబ్బా కొట్టాను, నాలుగోదీ కొట్టాను.

ఎదురింటి పిన్నిగారు నాకు తెలియని కారణం చెప్పారు. "నలుగురూ ముద్దెత్తే వేళ చూసి మరీ చేస్తోందంటే, అది కుక్క కాదమ్మా. మీ తమ్ముడికి ఏదో ఆకలి మిగిలిపోయిందే. అడుగుతున్నాడు" అన్నారు. మీరు మరీను పిన్నిగారూ అని నవ్వేశాను. నవ్వేసి, మర్నాడు చింతకాయ వేసి రొయ్యలు వండి, అరిటాకులో అన్నం పెట్టి గోడమీద పెట్టాను. వాడికి ఆ కూరంటే ప్రాణం. కాకులు రెండు నిమిషాల్లో ఆకు ఖాళీ చేశాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇక తీరిందిలే అనుకుని లోపలికి వచ్చి మా ఆయనకి వడ్డించాను. ఆయన, నువ్వు కూడా కూర్చో అన్నారు. మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను అన్నాను. గుమ్మంలో పట్టా తడిసింది.

అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా, పక్క చెరువు కాపలా ఆయన మోటారుసైకిలు మీద వచ్చాడు. తమ్ముడి రేకు పెట్టె, రెండు లుంగీలు, మీటలు నొక్కే పాత ఫోను తెచ్చాడు. ఆ ఫోనులో వాడి ఫోటో లేదు, గొంతు లేదు, ఆసామీ నంబరూ నా నంబరూ ఉన్నాయి. ఆ మనిషిని చూడగానే కుక్క లేచి వెళ్ళి అతని మోకాళ్ళ మధ్య తల దూర్చి నిలబడింది. మా ఇంటికి వచ్చాక దాని తోక ఊగడం నేను చూడ్డం అదే మొదలు. భోజనం వేళ అయింది, తినకుండా వెళ్ళడానికి వీల్లేదన్నాం. చాలా మొహమాటపడ్డాడు. మా ఆయన పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను వడ్డించాను. అతను కంచం ముందు చేతులు ముడుచుకుని కూర్చుంటే, మా ఆయన "కానివ్వండి, కానివ్వండి, చల్లారిపోతాది" అన్నారు.

కుక్క లేచింది. గుమ్మంలోకి వెళ్ళింది. పట్టా మీద కూర్చుంది. మా ఆయన మొహంలోకి చూస్తూ పోసింది.

నేను చీపురు అందుకున్నాను. అతను ఎంగిలి చేత్తోనే లేచి అడ్డం వచ్చాడు.

"అక్కగారూ, కొట్టకండి! బావగారు కానివ్వండన్నారు కదండీ!"

నాకు అర్థం కాలేదు. అంటే ఏవిటి అన్నాను.

"ఆయ్, అది మీ తమ్ముడుగారి మాటండి. గట్టుమీద కుక్క పోస్తే ఆసామీ ఒప్పుకోడండి. వానొస్తే అదంతా చెరువులోకి జారిపోద్దండి, నీళ్ళు పాడైతే రొయ్య చచ్చిపోద్దండి. అందుకని షెడ్డు వెనకాల గోనె పరిచేవోరండి. దాన్నక్కడికి తీసుకెళ్ళి 'కానివ్వండి దొరసానిగారూ' అనేవోరండి. ఆ మాటనేదాకా ఎంతసేపైనా బిగబట్టుకుని ఉండేదండి. ఆ గోనె పట్టుకెళ్ళి దూరంగా ఉతికి తెచ్చేవోరు. ఏడాది పట్టిందండి నేర్పడానికి. మేవందరం నవ్వేవోళ్ళం."

మరి మీరు భోజనాల దగ్గర ఆ మాట అనుకోరా అని మా ఆయన అడిగారు. అతను కిందకి చూశాడు.

"గట్టుమీద మాకు కానివ్వండనేవోళ్ళెవరండి బావగారూ. ఎవడి షెడ్డులో ఆడు తినెయ్యడవే."

నా చేతిలో చీపురు అలాగే ఉంది. మూడు వారాలు. ప్రతిరోజూ పొద్దున్నుంచి అది బిగబట్టుకుని కాలవగట్టు పొడుగునా నా వెనకాల తిరిగింది, నా నోట్లోంచి ఆ మాట వస్తుందేమోనని మొహం చూసింది. ఇంటికి వచ్చాక ఎవరి నోట్లోంచో వచ్చింది. పరిగెత్తి వెళ్ళి గోనె మీద, ఎక్కడో కాదు, అచ్చం వాడు నేర్పినట్టు గోనె మీదే చెప్పిన పని చేసింది. చేసినందుకు కొట్టాను. కొడితే, చాలలేదేమోనని ఇంకో నాలుగు చుక్కలు పోసింది. పొగరనుకున్నాను. దాని దగ్గర కూర్చుని మెడ పట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపు తమ్ముడు పోయిన రోజు కూడా రాలేదు. మా ఆయన లేచి, ఆ పట్టా ఆయనే తీసుకెళ్ళి పంపు కింద ఉతికి ఆరేశారు. అమావాస్య మాట మళ్ళీ ఎత్తలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. పెరట్లో ఒక మూల గోనె పరిచాను. అక్కడికి తీసుకెళ్ళి, "కానివ్వండి దొరసానిగారూ" అన్నాను. వెంటనే కూర్చుంది. లేచి, నా చుట్టూ రెండుసార్లు తిరిగింది. వాడు చెప్పింది అక్షరాలా నిజం, ఇల్లు పాడు చెయ్యదు, చెప్పందే ఏదీ చెయ్యదు. చిక్కల్లా ఏమిటంటే, మేం చెప్పకుండా ఉండాలి.

కోనసీమలో పుట్టినవాళ్ళు భోజనం దగ్గర ఆ మాట అనకుండా ఉండటం కన్నా భోజనం మానేయడం తేలిక. గుమ్మంలో గోనె తీసేసి బీరువాలోని మెత్తటి పట్టా వేశాను. ఆ మాట వినబడితే అది గోనె కోసం ఇల్లంతా వెతుక్కుని, దొరక్క, చివరికి ఆ మెత్తటి పట్టా మీదే కూర్చునేది. మా ఆయనా నేనూ ఒట్టు పెట్టుకున్నాం. ఆయన చుట్టాలతో "తినండి" అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఆయన నోట్లో పోలీసు గద్దింపులా ఉండేది. వరసకి వియ్యంకుడయ్యే ఒకాయన నొచ్చుకుని, పెరుగన్నం దాకా రాకుండానే లేచిపోయారు. మనం మానినా వచ్చినవాళ్ళు మానరు కదా. కరెంటు బాగుచేయడానికి వచ్చినాయన, మా ఆయన మజ్జిగ ఇస్తే, "మీరు కానివ్వండి సార్, నేను తర్వాత పుచ్చుకుంటాను" అన్నాడు. అయిపోయింది. శ్రావణమాసంలో పూజకి కూర్చున్నప్పుడు పంతులుగారు "ఆఁ, కానివ్వండమ్మా" అన్నారు. అది పీటల పక్కన వేసిన చాప మీద కూర్చుంది.

ఆ రోజు మా ఆయన మొహం చూశాను. ఆయన పంపించేయమని అనలేదు. కానీ చీపురూ బకెట్టూ తీసుకుని వంగి, ఆ మోకాళ్ళతో, ఆస్పత్రిలో తుడిచినట్టే ఒక పక్కనుంచి వరసగా తుడుచుకుంటూ వస్తుంటే నేను చూడలేకపోయాను. ఆయన నేల ఆయనకి ఉండాలి. తమ్ముడికిచ్చిన మాట ప్రకారం కుక్క నా దగ్గరుండాలి. రెండూ ఉండాలంటే మూడోది ఏదో పోవాలి.

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మగారు ఆ మూడోది ఏమిటో చెప్పారు. "పెద్ద కుక్కండి, మాట మరిచిపోదు. అదే మాటకి వేరే అర్థం నేర్పాలండి. ఆ మాట అనండి, కదలకుండా కూర్చుంటే దానికిష్టమైంది ఏదైనా పెట్టండి. బయట పనికి ఇంకో కొత్త మాట పెట్టుకోండి. రెండు మూడు నెలల్లో అదే మారిపోద్ది" అన్నారు. చాలా సులువుగా చెప్పారు. ఆవిడ తప్పేమీ లేదు.

ఎండు మెత్తళ్ళ చేపలు ఉప్పు పోయేదాకా కడిగి, వేయించి డబ్బాలో పెట్టుకున్నాను. పొద్దునా సాయంత్రమూ దాన్ని గదిలో కూర్చోబెట్టి, మెడపట్టీ పట్టుకుని, కానివ్వండి అనేదాన్ని. మొదటి రోజు ఆ మాట వినగానే ఒక్క ఉదుటున లేచింది. పట్టీ వదల్లేదు. నా చేతుల్లో గిలగిల్లాడింది, కుయ్ కుయ్ మంది, వాడు చెప్పిన పని వాడి అక్క చెయ్యనివ్వడం లేదు. కూర్చున్నాక మెత్తళ్ళు పెట్టాను. మళ్ళీ అన్నాను. రోజుకి ముప్పై సార్లు, నలభై సార్లు అన్నాను. మొదట్లో ఆ మాట అన్నప్పుడల్లా నాకు షెడ్డు వెనకాల లుంగీ పైకి మడిచి నిలబడ్డ తమ్ముడు కనిపించేవాడు. అనగా అనగా కనిపించడం మానేశాడు. ఎన్నిసార్లు అన్నా అర్థం అరగని మాటలుంటాయా.

కొత్త మాట మా ఆయన పెట్టారు. "పదవే" అంటే పెరట్లోకి వెళ్ళాలి. ఆయనకి కుక్కని అండీ అనడం నోరు తిరగలేదు. ఒసేయ్, పదవే. రావే. తినవే. ప్రేమగానే అనేవారు, ఆ మాట చెప్పకపోతే పాపం. క్రమంగా నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను. ఎప్పుడు మారిపోయానో నాకే తెలియదు. నేను చరిచి పెంచిన తమ్ముణ్ణి లోకమంతా ఒరేయ్ అంది. వాడు గారు అన్న ఒకే ఒక్క ప్రాణిని నేను ఒసేయ్ అన్నాను.

దీపావళి వెళ్ళేసరికి అది మారిపోయింది. పెరట్లో గోనె కూడా అక్కర్లేకుండా, కొబ్బరిచెట్ల కింద మామూలు కుక్కల్లాగే పని చూసుకునేది. మా ఆయన పక్కన ఆ తెల్ల నేల మీద పడుకునేది. ఆయన దానికి వీపు గోకుతూ వార్తలు చూసేవారు. "మీ తమ్ముడు మంచి సరుకే ఇచ్చేడే" అని ఒకరోజు అన్నారు. వీసా వ్యవహారం తర్వాత ఆయన నోట తమ్ముడి గురించి వచ్చిన మొదటి మంచి మాట అది. నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, చాలా సంతోషం వేసింది.

తమ్ముడి సంవత్సరీకం మా ఇంట్లోనే పెట్టాం. పిల్లల్లేరు కనుక తద్దినం మా పెదనాన్నగారి అబ్బాయి పెట్టాడు. చెరువులవైపు నుంచి పదిమంది దాకా వచ్చారు, పక్క చెరువు కాపలా ఆయనా వచ్చాడు. వరండాలో అరిటాకులు వేశాం. అంతా సద్దుమణిగి, అన్నం మీద నెయ్యి పడ్డాక మా పెదనాన్నగారి అబ్బాయి "కానివ్వండి" అన్నాడు. అతని పక్కనాయన ఎదుటాయనతో "కానివ్వండి" అన్నాడు. "మీరు కానివ్వండి." "ఆయ్, కానివ్వండి, కానివ్వండి." ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, నెయ్యి గిన్నెతో పాటు ఆ మాట తిరిగింది. నేను పప్పు గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

కుక్క గడపకి అడ్డంగా పడుకుని ఉంది. మొదటిసారికి చెవి కదిలింది. తల ఎత్తి చూసింది, లేవలేదు. ఎవరూ ఏమీ పెట్టకపోయేసరికి మళ్ళీ తల వాల్చేసింది.

"చూసేవా, ఎంత బాగా నేర్చుకుందో!" అన్నారు మా ఆయన, ఆకు ముందు కూర్చునే, గర్వంగా. అందరూ మెచ్చుకున్నారు. పక్క చెరువు ఆయన ఒక్కడే మెచ్చుకోలేదు. అతను దాన్ని చూసి, నన్ను చూసి, తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. నేను అందరికీ పప్పు వడ్డించాను. మారు వడ్డించాను. పులుసు ఎవరికి కావాలో అడిగాను.

అందరూ వెళ్ళాక, ఇంకా ఎండ ఉండగానే, దాన్ని పెరట్లోకి పిలిచాను. సామాన్ల గదిలోంచి ఒక గోనె తెచ్చి పరిచాను. దాన్ని తీసుకెళ్ళి గోనె మీద నిలబెట్టాను. ఎవరూ వినడం లేదని చూసుకుని, వాడు అన్నట్టే, వాడి సాగదీతతో సహా, "కానివ్వండి దొరసానిగారూ" అన్నాను.

అది బుద్ధిగా కూర్చుంది. కదల్లేదు. నోరు కొంచెం తెరిచి, నా కుడిచేతి వైపు చూసింది.

ఇంకోసారి అన్నాను. తోక ఊపింది. ఇంకా బుద్ధిగా కూర్చుంది.

లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి మెత్తళ్ళు పెట్టాను. తప్పేం చేసిందని పెట్టకుండా ఉంటాను? అది తింటూంటే పక్కనే గోనె మీద కూర్చున్నాను. ఆస్పత్రిలో వాణ్ణి పోగొట్టుకున్నప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు. ఈసారి మాత్రం, రోజూ పొద్దునా సాయంత్రమూ, ఇన్నిన్ని మెత్తళ్ళు పెట్టి, నా చేతులతోనే పోగొట్టుకున్నాను.